ఆ ఇల్లు మొత్తం వచ్చింది

ఉత్తరాలు పంచే మనిషిని ఊళ్లో అందరూ పోస్టాయన అనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్లుగా అదే సైకిలు, అదే సంచి. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, కుక్క లేని ఏ ఇంట్లో యజమానే కరుస్తాడో ఆయనకు కంఠతా వచ్చు. ఉత్తరం అందుకోవాల్సిన మనిషి ఇంట్లో లేకపోతే ఆయన వెనక్కి తీసుకెళ్లడు. కోడలికో కూతురికో ఇచ్చి, ముట్టినట్టు రాసేసుకుంటాడు. ఇంట్లోవాళ్లకు అందితే ఆ మనిషికి అందినట్టే. ఇన్నేళ్లలో ఒక్క కాగితం తప్పిపోలేదు కనుక అది తప్పని ఎవరూ అనలేదు.

ఏటి గట్టు తెగి నీళ్లు ఊరిని ముంచేసిన రోజున, మిట్ట మీది బడిలో పెట్టిన శిబిరంలో పేర్లు రాసే పని ఆయనకే అప్పజెప్పారు. సహాయానికి వచ్చిన అధికారికి ఊళ్లో ఒక్క మొహమూ తెలియదు. పోస్టాయనకు తెలియని మొహం లేదు. నాలుగో తరగతి హాజరు పుస్తకాన్ని వెనక నుంచి తిప్పి, గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. లోపల బెంచీలన్నీ గోడవారగా ఒకదాని మీద ఒకటి ఎక్కించారు. నేలంతా తడి బట్టలు, మూటలు, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన పిల్లలు. ఎవరి గొడవ వాళ్లదే, అయినా అందరిదీ ఒకటే గొడవ.

అక్కడ ఒక రూలు పెట్టారు. మధ్యాహ్నం రెండింటిలోపు పేరు పడినవాళ్లకే ఆ రోజు అన్నం పొట్లం, దుప్పటి. ఆ తర్వాత వచ్చినవాళ్లు మర్నాటిదాకా ఆగాలి. ఆ రూలు పెట్టిన మహానుభావుడికి జన్మలో ఆకలి వేసి ఉండదు. పడవలు చూస్తే రెండే, అవీ చిన్నవి. ఇంట్లో సగంమంది ముందు పడవలో వస్తే మిగతా సగం ఏ సాయంత్రానికో చేరేది. పోస్టాయన తన పద్ధతిలో తాను కానిచ్చాడు. వచ్చినవాళ్లను అడిగి, దారిలో ఉన్నవాళ్ల పేర్లూ రాసేశాడు. అలా పదకొండు మందిని రాస్తే పదకొండు మందీ చీకటి పడేలోపు వచ్చి చేరారు. మంచిపని చేశానని ఆయనకు లోలోపల కాస్త గర్వం కూడా కలిగింది.

పన్నెండో పేరు గేదెల పెద్దాయనది. ఊరి చివర రేకుల ఇల్లు, నాలుగు గేదెలు, పట్టణంలో తాపీ పనికి పోయిన కొడుకు. కోడలు ఇద్దరు పిల్లల్ని చెరో చంకనా వేసుకుని వచ్చింది. గేదెల పలుపులు విప్పితే గాని కదలనని మామయ్య మొండికేశారనీ, తరవాతి పడవలో వస్తారనీ చెప్పింది. పోస్టాయన తల ఊపి, ఆ ఇంటికి నాలుగు పేర్లు రాశాడు. ఎనభై ఏళ్ల మనిషి వణుక్కుంటూ వస్తే దుప్పటైనా ఉండొద్దా?

సాయంత్రం అధికారి ఊరి జాబితా తెచ్చి వీధులవారీగా చదివాడు. శిబిరానికి ఎవరు రాలేదో తేలితే, మర్నాడు పడవలు ఆ ఇళ్లకే వెళ్లి వెతుకుతాయి. పోస్టాయన హాజరు పుస్తకం చూసి జవాబు చెబుతూ పోయాడు. చివరి వీధి చివరి ఇంటి దగ్గర ఆయన అన్న మాట ఇదే:

"ఆ ఇల్లు మొత్తం వచ్చింది."

అధికారి గీత కొట్టి పేజీ తిప్పాడు. వెతకాల్సినవాళ్లు ఏడుగురని తేలింది. మర్నాడు పడవలు ఆ ఏడుగురినీ గాలించి గాలించి తెచ్చాయి. అందరూ ప్రాణాలతోనే దొరికారు. శిబిరంలో జనం పడవవాళ్లను దేవుళ్లన్నారు, పోస్టాయన భుజం తట్టారు.

పొట్లాలు పంచేటప్పుడు ఇంటికొకరు వచ్చి తలల లెక్క చెప్పాలి. పెద్దాయన కోడలు వచ్చి నలుగురం అనేది. పోస్టాయన పుస్తకంలోంచి తల ఎత్తకుండా టిక్కు పెట్టేవాడు. మూడు వందల మంది లెక్క చూడాల్సి ఉంటే తల ఎత్తే తీరిక ఎక్కడిది?

నాలుగో రోజు పొద్దున నీళ్లు తీశాయి. బురదలో ఇళ్లు చూసుకోవడానికి వెళ్లినవాళ్లకు పెద్దాయన తన ఇంటి అటక మీద కనిపించాడు. గేదెల పలుపులు విప్పే ఉన్నాయి. పెద్దాయన చేతి పక్కన సత్తు గిన్నె ఉంది, దాని అంచంతా సొట్టలు. పైరేకు లోపలివైపు గీతలు పడ్డాయి. ప్రాణం పోయి ఒక రోజు కూడా దాటి ఉండదని శిబిరంలోని కాంపౌండరు చెప్పాడు.

పడవ నడిపే మనిషి బడి అరుగు మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

"మొన్న మధ్యాహ్నం అటువైపు పోతుంటే రేకు మీద టకటకమని వినబడింది. ఆ ఇంటివాళ్లంతా శిబిరంలోనే ఉన్నారని లిస్టులో ఉంది కదా. గాలికి రేకు కొట్టుకుంటోందనుకున్నాను."

పోస్టాయన పుస్తకం తెరిచి ఆ పేరు చూసుకున్నాడు. లేని మనిషిని ఉన్నాడని తాను ఎందుకు రాశాడో ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు కూడా. శిబిరం చూడడానికి వచ్చిన పై అధికారి అప్పటికే గట్టు కట్టినవాళ్లను తిడుతున్నాడు. నోరు మూసుకుంటే ఆ తిట్లలో ఇదీ కొట్టుకుపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. పుస్తకం చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లాడు.

కోడలు మూల బెంచీల పక్కన, నిద్రపోతున్న పిల్లల మధ్య కూర్చుని ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని, పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించాడు.

"చెల్లెమ్మా, రాకముందే వచ్చాడని రాసింది నేను. అందుకే పడవ వెళ్లలేదు. మీ మామయ్యను నేనే చంపాను."

ఆమె ఆ పేజీ వైపు చూడలేదు.

"ఆ రోజు చివరి పడవలోనూ ఆయన రాలేదు అన్నయ్యా. సంత గోదాములో ఇంకో శిబిరం పెట్టారట, అక్కడికి తీసుకెళ్లి ఉంటారులే అనుకున్నాను. అడుగుదామనే మీ దగ్గరికి వచ్చాను. ఆయన లేరంటే ఒక పొట్లం తగ్గిస్తారని నోట్లోనే మింగేశాను."

పోస్టాయన ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"మీరు రాసింది ఒక్కసారే. నలుగురం అని పూటపూటా నోటితో చెప్పింది నేను. ఆయన పొట్లం విప్పి వీళ్లకి పెట్టాను. ఇద్దరూ కడుపునిండా తిన్నారు అన్నయ్యా."

పొద్దున్నుంచి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. తప్పు నీది కాదమ్మా అని చెప్పడానికి పోస్టాయనకు నోరు రాలేదు. ఆ మాట ఆమెకు చెబితే తనకూ చెప్పుకోవలసి వస్తుందని భయపడ్డాడు.