ఇద్దరు మల్లేశాలు, ఒకే కానుక

బొంబాయి దగ్గరి భివండీలో మా తెలుగువాళ్లు ఈ కథను రెండు రకాలుగా చెప్పుకుంటారు. కామత్‌ఘర్ వాళ్లు చెప్పేది ఒకటి: బ్యాంకులో పనిచేసే కిరస్తానీ పిల్ల ఒక సాంచాల, అంటే మరమగ్గాల, ఆసామి ఖాతాలోంచి నెలనెలా తన చర్చికి డబ్బు మళ్లించిందట. చర్చివాళ్లు చెప్పేది ఇంకొకటి: దేవునికి కానుక ఇచ్చినవాడి ఖాతాలో డబ్బు తరగలేదట. రెండూ అబద్ధాలే. ఆ పిల్లను నేనే కాబట్టి గట్టిగా చెప్పగలను. పైగా అది నా చర్చి కూడా కాదు. మా నాన్నది రైల్వే ఉద్యోగం, ఇల్లు కళ్యాణ్‌లో, మేము వెళ్లే చర్చీ కళ్యాణ్‌లోనే. చర్చి అంటే అన్నీ ఒకటే అనుకునేవాళ్లకు ఇది ఎన్నిసార్లు చెప్పానో!

1972లో బి.ఏ. కాగానే నిజాంపురాలోని ఒక బ్యాంకు బ్రాంచిలో క్లర్కుగా చేరాను. బ్రాంచి పెద్దను అప్పట్లో ఏజెంటు అనేవారు. ఆయన తరువాత అకౌంటెంటు, ఆ తరువాత మేము. తెలుగు చదవడం వచ్చినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. ఖాతాదారుల్లో మాత్రం సగంమంది కరీంనగర్ వైపు నుంచి వచ్చి సాంచాలు పెట్టుకున్నవాళ్లూ, వాటిమీద పనిచేసేవాళ్లూ.

మరుసటి ఏడాది వానాకాలంలో ఏజెంటు సెలవులో ఉన్నారు. బ్రాంచి బాధ్యత అకౌంటెంటు జోషీగారిది. ఒక ఉదయం వంగ మల్లేశం తడిసిన గొడుగుతో నా కౌంటరు ముందుకొచ్చాడు. కామత్‌ఘర్‌లో ఆరు సాంచాలున్న మనిషి. నూలు వ్యాపారికి ఆయన ఇచ్చిన చెక్కు, ఖాతాలో చాలినంత డబ్బు లేదని వెనక్కి వచ్చింది.

"బిడ్డా, నా పైసలు ఎటు పోయినయే? ఆ సేటు ఇగ ఉధారు ఇయ్యనంటుండు. బీముల మీద నూలు ఎల్లుండికి ఒడుస్తది. సాంచాలు ఆగినయంటె నేను రోడ్డు మీదికే" అన్నాడు.

బీములంటే సాంచాలకు పడుగు నూలు చుట్టి బిగించే రూళ్లు. నూలు బజారులో సరుకు ఉధారుగా, అంటే అప్పుగా, నోటిమాట మీదే దొరికేది. ఒక్క చెక్కు తిరిగొస్తే ఆ మాట సాయంత్రానికి బజారంతా తిరిగేది.

లెడ్జరు తీసి చూశాను. కొన్ని నెలలుగా ఒక చిన్న మొత్తం క్రమంగా చర్చి ఖాతాకు వెళుతోంది. ఆ సంగతే చెప్పాను.

"చర్చికా? నేను మార్కండేయ గుడికే ఏడాదికొక్కసారి పోత. గది గూడ ప్రసాదం కోసం. ఇది ఇంట్ల తెలిస్తె మా ఆమె నన్ను సాంచాకు కట్టి నేస్తది!"

"కాకా, పాసుబుక్కు ఎప్పుడన్నా చూపించినవా?"

"దాన్ని నువ్వు చూస్తవనుకున్న."

ఇటువంటి చెల్లింపును స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. ఖాతాదారు ఒకసారి రాసిస్తే చాలు, బ్యాంకు ప్రతి నెలా తనంతట తాను చెల్లిస్తుంది. ఆ రోజుల్లో 'తనంతట తాను' అంటే ఒక క్లర్కు రిజిస్టరు చూసి వోచరు రాయడం, ఒక అధికారి సంతకం పెట్టడం. అన్నిటికీ మూలం మొదట అందిన లేఖ. అధికారి దానిమీది సంతకాన్ని మా దగ్గరున్న నమూనా సంతకంతో పోల్చి, సరిచూశానని గుర్తు పెట్టాలి.

ఫైల్లోంచి ఆ లేఖ తీశాను. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది, పేరు వి. మల్లేశం, ఖాతా నంబరు లేదు. కింద తెలుగు సంతకం. పక్కన జోషీగారి ఆకుపచ్చ సిరా టిక్కు. సంతకం చదివితే చాలు, సంగతి తేలిపోయింది. అది వంగ మల్లేశం కాదు, వేముల మల్లేశం. మా నమూనా సంతకాల కార్డుల మీద ఇంగ్లీషులో ఇద్దరూ వి. మల్లేశాలే. ముందు చేతికొచ్చిన కార్డు మీద పని జరిగిపోయింది.

ఈ వేముల మల్లేశం శాంతి నగర్‌లో సాంచాలు బాగుచేసేవాడు. బాప్తిస్మం తీసుకున్నాక అందరికీ శామ్యూలే. ఖాతా మాత్రం రేషను కార్డులోని పాత పేరు మీద ఉంది. కబురు పంపితే మరునాడు పొద్దున్నే వచ్చాడు. అతని ఖాతాలోంచి కానుక ఒక్కసారి కూడా పోలేదని చెప్పాను. అతని ముఖం వాడిపోయింది.

"అక్కా, గదేంది? నేను మొన్న ఆదివారం లేచి సాక్ష్యం గూడ చెప్పిన. దేవునికి ఇస్తనే ఉన్న, పైసలు మాత్రం ఎన్నడు తక్కువైతలెవ్వని. అందరు చప్పట్లు కొట్టిరి."

సాక్ష్యమంటే దేవుడు తనకు చేసిన మేలును ఆరాధనలో నిలబడి అందరికీ చెప్పడం. పక్క బెంచీ మీద వంగ మల్లేశం అంతా వింటూనే ఉన్నాడు.

"నీ దేవుడు మంచోడే తమ్మీ. పైసలే నావి."

నాకు నవ్వొచ్చింది. శామ్యూలుకు రాలేదు. "అయితె గిన్ని నెలలు నేను ఇయ్యనే లేదా?" అని మెల్లగా అడిగాడు. ఇప్పుడు ఇస్తే ఇచ్చినట్టే అన్నాను. తన ఖాతాలోంచి ఆ మొత్తం తీసి వంగ మల్లేశం ఖాతాకు జమ చేయడానికి ఒప్పుకుంటూ వెంటనే రాసిచ్చాడు. డబ్బుకు లోటు లేదు, తరగలేదు కదా.

ఎంట్రీలు వేశాం. జోషీగారు పాస్ చేశారు. పనైపోయిందనుకున్నారు. వంగ మల్లేశం బెంచీ మీద నుంచి లేవలేదు.

"పైసలు వచ్చినయి, మంచిదే. మరి నా మాట ఎట్ల వస్తది? తప్పు బ్యాంకుదని సేటుకు కాయితం రాసియ్యి."

ఆయన అడిగింది న్యాయమే. చెక్కు మా పొరపాటు వల్ల తిరిగొచ్చిందని ఉత్తరం ఇవ్వకపోతే డబ్బు వాపసు సగం వాపసే. లోపలికి వెళ్లి జోషీగారికి అదే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. అలాంటి ఉత్తరం నకలు పై ఆఫీసుకు వెళుతుంది, అక్కడ సంజాయిషీ అడుగుతారు. డబ్బు ఇచ్చేశాక ఉత్తరం దేనికని హిందీలో విసుక్కున్నారు. అంతటితో ఆగినా బాగుండేది. "అయినా ఆ చర్చి మీవాళ్లదే కదా, ఈ లేఖ మీరు తెచ్చింది కాదు కదా?" అన్నారు.

నేను అంతవరకు ఓపిగ్గానే ఉన్నానని నా అభిప్రాయం. ఆయన బల్లమీది కాగితం తీసుకుని తెలుగులో రెండు మాటలు రాశాను. "సాబ్, వీటిలో ఒకటి నా పేరు. నా చెక్కు వస్తే దేనికి డబ్బిస్తారు?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు సవరించుకుని రెండింటినీ మార్చి మార్చి చూశారు. చివరికి రెండోదాని మీద వేలు పెట్టారు.

"అది కొత్తిమీర" అన్నాను.

ఎప్పుడు లేచొచ్చాడో, గుమ్మంలో నిలబడి ఉన్న మల్లేశం పకపకా నవ్వాడు. "సాబుకు కొత్తిమీర తెస్తె గూడ లోను ఇస్తడు!" అని హిందీలోనే అన్నాడు, అర్థం కాకుండా పోతుందేమోనని.

జోషీగారు ఎర్రబడ్డారు. కానీ చెడ్డమనిషి కాదు, ఆ మాట కూడా చెప్పాలి. టైపిస్టును పిలిచి, చెక్కు బ్యాంకు పొరపాటు వల్ల తిరిగి వెళ్లిందనీ, ఖాతాదారు తప్పేమీ లేదనీ ఉత్తరం చెప్పి రాయించారు. దానిమీద సంతకం కూడా ఆకుపచ్చ సిరాతోనే పెట్టారు. మల్లేశం దాన్ని చొక్కా లోపల దాచుకుని, గొడుగు మరచిపోయి మరీ పరుగెత్తాడు. ఆ సాయంత్రం బస్సుకు వెళుతూ కామత్‌ఘర్ మీదుగా వెళ్లాను. ఆయన షెడ్డు గుమ్మంలో కొత్త నూలు బస్తాలు దించుతున్నారు, లోపల ఆరు సాంచాలూ చెవులు గింగురుమనేలా కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు నాకు ఎప్పుడూ తలనొప్పి. ఆ రోజు కాలేదు.

పై ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది, జోషీగారు జవాబు రాశారు, అంతటితో సరి. ఇక నన్ను దొంగను చేసిన కథ ఎలా పుట్టిందని మల్లేశాన్నే నిలదీశాను. "నేను గట్ల చెప్పలే బిడ్డా, వాళ్లే గట్ల విన్నరు" అన్నాడు. ఆ తరువాత నెలనెలా పాసుబుక్కు తెచ్చి, "ఈ నెల ఏసుకేమన్న పోయిందా?" అని అడగడం మాత్రం మానలేదు. శామ్యూలు కానుక అతని ఖాతాలోంచే వెళుతూ, అతని నిల్వ న్యాయంగా తరుగుతూ వచ్చింది.

స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునేదాకా చాలా బ్రాంచీలలో పనిచేశాను. ఈ వ్యవహారం నేర్పింది ఒక్కటే. పొరపాటున పోయిన డబ్బును వాపసు చేయడమంటే అంకె సరిచేయడం ఒక్కటే కాదు. ఆ అంకె వల్ల ఇంకేం చెడిందో అడిగి దాన్నీ సరిచేయాలి. అలాగే సంతకాన్ని సరిచూడటమంటే చదవడం. చదవడం రాకపోతే వచ్చినవాళ్లను పిలవాలి. నా కుర్చీ జోషీగారి గది తలుపుకు ఎదురుగానే ఉండేది, పిలిస్తే వినపడేంత దగ్గరలో.

జోషీగారు నాగపూర్‌కు బదిలీ అయిన రోజున కూడా అడిగాను, నవ్వేశారు. ఇప్పటికీ అడుగుతున్నాను: ఒక్క అక్షరమూ తెలియని ఆ సంతకం పక్కన ఆకుపచ్చ టిక్కు పెట్టేటప్పుడు, సాబ్, మీరు అసలు దేన్ని చూసి సరిపోయిందనుకున్నారు?