పదిహేడో నంబరు పానా

మా బావ లెక్కలో లోకంలోని వస్తువులు రెండే రకాలు: బిగించినవి, ఇంకా బిగించాల్సినవి. మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు అక్కని సరిగ్గా చూశాడో లేదో నాకు తెలియదు గానీ, కాఫీ పెట్టిన బల్ల ఊగుతోందని మాత్రం ఇట్టే కనిపెట్టాడు. కప్పులు పక్కన పెట్టి, బల్లని తలకిందులు చేసి, ఐదు నిమిషాల్లో కాలు సరిచేసి నిలబెట్టాడు. ఆయన వెళ్ళాక అమ్మ, "మనిషి ఎలా ఉన్నాడే?" అని అడిగింది. "బల్ల ఊగడం లేదమ్మా," అంది అక్క. పెళ్ళయిపోయింది.

బావ వినోదాల పార్కులో రోలర్ కోస్టర్ మెకానిక్. అంతకు ముందు సైకిళ్ళ షాపులో గొలుసులు ఎక్కించుకునేవాడట. పార్కు కడుతున్నప్పుడు పెద్ద పెద్ద చెక్కపెట్టెల్లో ఇనుప ముక్కలు వచ్చాయి. వాటిని దించడానికి నాలుగు రోజుల పనికని వెళ్ళి, ఏ ముక్క పక్కన ఏ ముక్క వస్తుందో సుద్దముక్కతో నంబర్లు వేసుకుంటూ కూర్చున్నాడు. కట్టినవాళ్ళు కట్టి వెళ్ళిపోయారు. ఈయన పంతొమ్మిదేళ్ళుగా అక్కడే ఉన్నాడు. ఆ కోస్టర్ పేరు కొండచిలువ. దాని బటన్ నొక్కే ఆపరేటర్‌ని నేను. ఉద్యోగం ఇప్పించింది బావే, ఆ మాట నెలకోసారి గుర్తు చేసేది అక్క.

నాకు చిన్నప్పటి నుంచీ ప్రతిదీ అడిగే జబ్బు. చేరిన వారంలోనే అడిగాను, బండి పైకెక్కేటప్పుడు ఆ టకటక ఏమిటని. జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేది ఆ చప్పుడు వినేగా!

"బండి కింద ఇనుప నాలుక ఒకటి ఉంటుంది," అన్నాడు బావ. "పట్టాల మధ్య రంపం పళ్ళలాంటి కమ్మీ ఉంటుంది. ఒక్కో పన్ను దాటినప్పుడల్లా నాలుక టక్కున కిందపడుతుంది. గొలుసు తెగినా సరే, బండి వెనక్కి జారకుండా ఆ పన్నే పట్టుకుంటుంది. అది వినపడినంతసేపూ హాయిగా కునుకు తియ్యొచ్చు. వినపడకపోతేనే అరవాలి."

అప్పటి నుంచి ఆ చప్పుడు వింటే నాకు నవ్వొచ్చేది. భయపడాల్సిన చోట నవ్వుతారు, నిశ్చింతగా ఉండాల్సిన చోట కేకలు పెడతారు మనుషులు.

పొద్దున ఆరింటికల్లా బావ పట్టాల పక్కనున్న సన్నటి మెట్ల మీద ఎక్కడం మొదలుపెట్టేవాడు. రోజూ చూడాల్సిన నట్లు మూడొందల పన్నెండు. ప్రతి నట్టు మీద నుంచి దాని కింది రేకు మీదకి ఒకే పసుపు గీత గీసి ఉంటుంది. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత రెండు ముక్కలైపోతుంది. ఆ గీతని కంటితో చూస్తే చాలు కదా అంటే వినడు, వేలితో తడిమి మరీ చూస్తాడు. తర్వాత ఖాళీ బండి రెండుసార్లు, ఇసక బస్తాలతో రెండుసార్లు తిరగాలి. అప్పుడు పత్రం మీద సంతకం పెట్టి నా గది కిటికీలోంచి లోపలికి తోస్తాడు. ఆ సంతకం చూడందే నేను బటన్ మీద వేలు పెట్టకూడదు.

ఇంత జాగ్రత్త మనిషి నా కుర్చీని మాత్రం పట్టించుకోలేదు. నా గదిలో తిరిగే కుర్చీ ఉంది. కింద ఏదో నట్టు వదులై, కదిలితే చాలు కీచుమనేది. రోజంతా ఎలక పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నట్టే ఉండేది నాకు. "బావా, నా కుర్చీ," అంటే, "రేపు చూస్తాలే," అనేవాడు. ఆ రేపు ఆర్నెల్లయినా రాలేదు.

ఇక నీడల బోర్డు సంగతి. మెకానిక్ షెడ్డులో గోడంత చెక్క బోర్డు ఉంది. దాని మీద ప్రతి పనిముట్టు ఆకారం నల్లరంగుతో వేసి ఉంటుంది. సుత్తి కింద సుత్తి నీడ, పానా కింద పానా నీడ. ఏది తీసినా దాని నీడ ఖాళీగా కనపడుతుంది. పొద్దున ఒక్క నీడ ఖాళీగా ఉన్నా కొండచిలువ కదలకూడదు. ఈ నియమం పెట్టింది ఏ ఆఫీసరూ కాదు, మా బావే. తొలి ఏడాది ఎవరో ఒక పానా పైన దూలం మీద మరిచిపోయారట. బండి అదురుకి అది రెండు రోజులు అంగుళం అంగుళం జరిగి, మూడో రోజు కిందపడింది. జనం వరసలో నిలబడే చోట రేకుల కప్పుకి చిల్లు పడింది. ఆ పొద్దున గేట్లు ఇంకా తెరవలేదు కాబట్టి ఆ చిల్లు కింద ఎవరూ లేరు. ఆ రేకు ముక్క కోసి బావ ఇప్పటికీ బోర్డు పక్కనే వేలాడదీసి ఉంచాడు.

ఇప్పుడు నా నిర్వాకం వినండి.

ఒక శుక్రవారం సాయంత్రం పార్కు మూసే వేళ. బావ పనిముట్లన్నీ తగిలించి, లెక్క చూసుకుని, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆ సందులో నేను షెడ్డులోకి దూరి పదిహేడో నంబరు పానా తీసుకున్నాను. రెండే రెండు నిమిషాలు, కుర్చీ బిగించేసి తెచ్చి పెట్టేద్దామని. నా గదిలో మోకాళ్ళ మీద కూర్చుని బిగిస్తున్నాను, ఇంతలో బయట ఎవరో పాప చెప్పు పట్టాల కింద పడిందని గుక్కపట్టి ఏడుస్తోంది. లేచి వెళ్ళాను, చెప్పు తీయించాను, పాపని వాళ్ళమ్మకి అప్పగించాను. ఆ తర్వాత పానా తెచ్చి బోర్డుకి తగిలించాను. తగిలించినట్టు నాకు స్పష్టంగా గుర్తు. కొక్కేనికి తగిలి ఖంగుమన్న చప్పుడు కూడా గుర్తే.

మర్నాడు శనివారం. పొద్దున నేను వెళ్ళేసరికి బావ బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. పదిహేడో నీడ ఖాళీ.

"నిన్న తగిలించాను," అన్నాడు. నాతో కాదు, బోర్డుతో.

 నిన్న నేను తీశానని చెప్పలేదు. నేను తిరిగి పెట్టేశాను కదా, నా తర్వాత ఎవరో తీసి ఉంటారు, తీశానని ఒప్పుకుంటే ఉత్తపుణ్యానికి ఈ నింద నా నెత్తిన పడుతుంది, ఇదీ నా లెక్క. బోర్డు ముట్టుకునే హక్కు ఆపరేటర్లకి లేదు మరి. పిరికితనానికి కూడా తర్కం ఉంటుందని ఆ రోజే తెలిసింది నాకు.

వెతుకులాట మొదలైంది. బావ, వెల్డరు, నేను, మరో ఇద్దరూ పట్టాల వెంట మెట్టు మెట్టూ ఎక్కాం; బావ రోజూలాగే నట్లు కూడా తడుముతూ వచ్చాడు. దూలాల మీద, గొలుసు తొట్టిలో, ఒక్కో సీటు కిందా చూశాం. నేనూ అందరితో పాటు ఒంగి ఒంగి చూశాను. పది దాటేసరికి కింద జనం వరస గేటు దాకా పెరిగింది. ఊయల ఓడ నడిపే ఆయన దారిన పోతూ, "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టుందే," అని నవ్వాడు. ఆయన్ని పై నుంచి తోసేద్దామా అనిపించింది నాకు.

మేనేజరు కొత్తాయన, వచ్చి నాలుగు నెలలే అయింది. చెడ్డవాడు కాదు గానీ ఒక చోట నిలబడలేడు.

"స్టోర్సులో అలాంటిదే కొత్త పానా ఉంది కదండీ. అది పెట్టేసి తెరవండి," అన్నాడు.

"పాతది ఎక్కడుందో తెలియాలి సార్. పైన ఉందో లేదో తెలియకుండా బండి వదల్లేను."

"పైన లేదని మీరే చూశారుగా!"

"తగిలించానని కూడా నేనే చూశాను సార్."

మేనేజరు గేటు వైపు నడిచాడు. జనాన్ని వేరే వాటి దగ్గరికి పంపించారు.

మధ్యాహ్నం షెడ్డు వెనక బావ ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. "ఏమే, పొద్దున నేను బయల్దేరేటప్పుడు తలుపు దగ్గరికి వేశానా? ... లేదులే, ఊరికే అడిగా. గ్యాస్ కట్టేశానా మరి?" అటు నుంచి అక్క ఏమందో గానీ ఈయన మొహం ఇంకా చిన్నబోయింది. ఫోన్ జేబులో పెట్టుకుని నన్ను చూశాడు.

"తగిలించినట్టు నాకు బాగా గుర్తుంది," అన్నాడు. "గుర్తున్నది జరగలేదంటే, మరి ఆ మూడొందల పన్నెండూ చూశానని గుర్తుందే, అదేం కావాలి?"

"ఒక్క పానాకే అంత మాటెందుకు బావా?"

"పానా కాదే. నా చేతి మీద నాకే నమ్మకం పోతే ఇంకేం మిగిలింది?" జేబులోంచి మడిచిన కాగితం తీసి చూపించాడు. ఇక మీదట కొండచిలువ పత్రం మీద తన సంతకం వద్దని, గొలుసుకి నూనె పెట్టే పని ఇచ్చినా చాలని రాసి ఉంది. "సాయంత్రం ఇచ్చేస్తాను," అన్నాడు.

 ఏం చేయాలో తోచక నా గదిలోకి వెళ్ళి తలుపేసుకుని కుర్చీలో కూలబడ్డాను. ఇటు తిరిగాను, అటు తిరిగాను. కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. కుర్చీ కీచుమనడం లేదు.

అవును మరి, బిగించానుగా. బిగించి... పాప ఏడుపు విని లేచాను... లేచినప్పుడు చేతిలో ఏముంది? ఖాళీ చేత్తోనే కదా పాపని ఎత్తుకున్నాను! కిందికి దిగి, తల నేలకానించి కుర్చీ అడుగున చూశాను. నట్టు మీద పానా అలాగే బిగుసుకుని ఉంది, రెండో కొస కుర్చీ కమ్మీకి ఒరుసుకుని. బోర్డు మీద తగిలించిన గుర్తూ, ఖంగుమన్న చప్పుడూ అన్నీ నేను అల్లుకున్నవే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పానా నా కుర్చీ కిందే ఉంచుకుని కొండచిలువంతా గాలించి వచ్చాను.

అప్పుడు ఒక దొంగ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. దీన్ని తీసుకెళ్ళి మెట్ల కింద ఏ మూలనో పడేసి, "దొరికింది!" అని అరిస్తే చాలు. పార్కు తెరుచుకుంటుంది, నా ఉద్యోగం నిలబడుతుంది. కానీ మెట్ల కింద దొరికితే పారేసింది బావే అవుతాడు. ఆ కాగితం మేనేజరు చేతికి వెళ్తుంది. ఇక జన్మలో ఆయన తన వేలిని నమ్మడు.

పానా పట్టుకుని తిన్నగా షెడ్డుకి నడిచాను. బావ, మేనేజరు, వెల్డరు అందరూ అక్కడే ఉన్నారు.

"నేను తీశాను," అన్నాను. "నిన్న నువ్వు తగిలించాకే తీశాను బావా. కుర్చీ కింద ఉండిపోయింది. పెట్టేశాననుకున్నాను. పొద్దున్నే చెప్పాల్సింది, భయపడ్డాను."

తిడతాడనుకున్నాను. ముందు ఆయన నన్ను చూడనే లేదు. పానా అందుకుని, "తగిలించాను! చూశారా, నేను తగిలించాను!" అన్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. కాగితం నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు. అక్క పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆయన నోట వినని మాటలన్నీ ఆ పది నిమిషాల్లో విన్నాను. ఒక్కటి కూడా కాదనలేను.

మేనేజరు నన్ను నెల రోజులు బటన్ దగ్గరి నుంచి తీసి గేటు దగ్గర వేశాడు. న్యాయమే. సరే, ఇక తెరుద్దామా అని బావని అడిగాడు. బావ తల అడ్డంగా ఊపాడు.

"పొద్దున నేను చూసిన నట్లన్నీ అనుమానంతో చూశాను సార్. మళ్ళీ చూడాలి."

మొదటి నట్టు నుంచి మొదలుపెట్టాడు. కొండచిలువ కదిలేసరికి నాలుగున్నర అయింది.

గేటు దగ్గర నెల రోజులూ దూరం నుంచే టకటక విన్నాను. ఇంటికి వెళ్తే బావ మాట్లాడేవాడు కాదు, అక్క చేత మాట్లాడించేవాడు. "మీ చెల్లెల్ని కూర వేసుకోమను," ఇలాగ.

నెల తిరిగి నా గదికి వచ్చిన రోజు, బల్ల మీద పనుల పుస్తకం ఉంది. ఊరుకోలేక ఆ శనివారం పేజీ తిప్పి చూశాను. ఆలస్యానికి కారణం అన్న చోట నా పేరు రాసి ఉంటుందని సిద్ధపడ్డాను. బావ గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది: "ఆపరేటర్ కుర్చీ నట్టు వదులు. ఆర్నెల్ల నుంచి చెబుతున్నా చూడలేదు. బాధ్యత: మెకానిక్." కింద ఆయన సంతకం.

కుర్చీని మెల్లగా ఒరిగించి అడుగున చూశాను. నేను బిగించిన నట్టు మీద నుంచి రేకు మీదకి పసుపు గీత ఒకటి గీసి ఉంది. వేలితో తడిమి చూశాను. ఎక్కడా తెగలేదు.

కిటికీలోంచి పత్రం లోపలికి వచ్చింది. పత్రం తోసిన చెయ్యి వెనక్కి వెళ్ళలేదు.

"కూర్చో," అన్నాడు బావ. "కీచుమంటే చెప్పు."

కూర్చున్నాను. ఇటు తిరిగాను, అటు తిరిగాను. సంతకం చూసి, బటన్ నొక్కాను.