కిటికీకి రెండు పక్కలా నేనే

1948 వేసవిలో నేను నల్గొండ జిల్లాలోని ఒక తాలూకా దవాఖానలో కాంపౌండరును. డాక్టరు రాసిన చీటీ కిటికీ దగ్గర అందుకుని, మందు కలిపి, సీసాకు మోతాదుల గుర్తులు కత్తిరించిన కాగితం అంటించి ఇవ్వడం నా పని. చీటీ లేనిదే చుక్క మందు ఇవ్వకూడదు. చీటీలో తప్పు కనబడితే డాక్టరును అడగకుండా దిద్దనూ కూడదు.

రజాకార్ల భయం ఒక దిక్కు, కాల్పులు ఒక దిక్కు. మా డాక్టరుగారు భార్యాపిల్లలను హైదరాబాదులో దింపి వస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. ఆయన కోటూ, గుండె చూసే గొట్టమూ మేకుకే ఉండిపోయాయి. వారం రోజులు రోగులను తిప్పి పంపాను. తర్వాత కోటు తొడిగాను.

అవసరానికే తొడిగానంటే అబద్ధం. నాకది మహా నచ్చింది. కోటు వేసుకుంటే నా గొంతు కూడా బరువెక్కేది. డాక్టరుగారిలాగే కళ్లు మూసుకుని గుండె వినేవాణ్ని. ఏం వినాలో తెలియదు. చీటీ రాసి రోగి చేతికిచ్చి, కోటు విప్పి మేకుకు తగిలించి, వెనక వాకిలి గుండా కిటికీ దగ్గరికి పరుగెత్తి అదే చీటీ అందుకునేవాణ్ని. ఒక్కరూ నవ్వలేదు. నా నటన అంత బాగుందనుకున్నాను.

ఒకరోజు నేత పనిచేసే సత్తయ్య తన తల్లి ఈరమ్మను వీపున మోసుకొచ్చాడు. నాలుగు రోజులుగా విరేచనాలు, ఒంట్లో ఎముకలే మిగిలాయి. అప్పట్లో దానికి నల్లమందు అరకు చుక్కలిచ్చేవాళ్లం. డాక్టరుగారు ఒకసారి భారీ మనిషైన పోలీసు అమీనుకు ముప్పై చుక్కలని రాసి, కింద దర్జాగా గీత గీశారు. ఆ తీరు నాకిష్టం. నేనూ ముప్పై రాసి గీత గీశాను.

కిటికీ దగ్గర అరకు సీసా ఎత్తాక గాని తెలివి రాలేదు. ఆ ఒంటికి ముప్పై చుక్కలు పడితే ముసలమ్మ మళ్లీ కళ్లు తెరవదు. వరండా నిండా జనం. తప్పు రాశానంటే కోటు పరువు పోతుంది. సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాను, ఒక్క క్షణం ఆ పరువే ఎక్కువనిపించింది.

ఈరమ్మ నా ముఖం చూసింది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. జర లోపలికి పోయి డాక్టరు సాబును మల్లొకసారి అడిగి రా. మేం గీడనే కూసుంటం" అంది.

అంటే అందరికీ తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. అప్పుడు కూడా ఎవరూ నవ్వలేదు. నేను లోపలికి వెళ్లి, కోటు తొడుక్కుని, కుర్చీలో కూర్చుని, ముప్పై కొట్టేసి పది రాశాను. ఈరమ్మ బతికింది. ఆమె మీద నాకు కలిగిన ప్రేమ ఇన్నేళ్లకూ తగ్గలేదు.

పోలీసు యాక్షన్ తర్వాత కొత్త డాక్టరు వచ్చారు. ఈరమ్మ దగ్గు మందుకొచ్చి ఆయనతో అంది: "మునుపటి డాక్టరు సాబు మంచోడు. కంపోండరు అడిగితె గుస్స అయ్యేటోడు గాదు."

ఆయన నావైపు చూశారు. నేను సీసాలు తుడుస్తూ ఉండిపోయాను.

తర్వాత ముప్పై ఏళ్ల నౌకరీలో అనుమానం వచ్చిన ప్రతి చీటీనీ లోపలికి తీసుకెళ్లి అడిగాను. విసుక్కున్న డాక్టర్లున్నారు. రాసేవాడొకడు, సరిచూసి కలిపేవాడొకడు ఉండాలన్న నియమం ఎందుకో నాకు తెలుసు. ఇద్దరూ నేనే అయిన రోజున కూడా ఆ ఇద్దరూ కావలసి వచ్చారు.