బడిలో రెండో నంబరు

మేం విడిపోయేటప్పటికి మా అమ్మాయి ఐదో తరగతి. ఇద్దరం ఒప్పుకునే విడాకులు తీసుకున్నాం కాబట్టి ఏలూరు కోర్టులో వాదనలేమీ జరగలేదు. పిల్ల తాడేపల్లిగూడెంలో తండ్రి దగ్గర, నాయనమ్మ దగ్గర ఉండేట్టు, రెండో ఆదివారం, నాలుగో ఆదివారం నేను వెళ్ళి చూసేట్టు రాసుకున్నాం. నేనప్పుడే కలిదిండిలో ఒక ఆక్వా ల్యాబులో చేరాను. రైతులు సీసాల్లో పట్టుకొచ్చే రొయ్యల చెరువు నీళ్ళలో ఉప్పు ఎంతుందో, అమోనియా ఎంతుందో చూసి చెప్పడం నా పని. ఏలూరులో గది. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. పిల్లని ఉన్న బడి మాన్పించి తెచ్చి ఆ గదిలో ఒంటరిగా ఉంచడం కంటే అక్కడే ఉండడం మేలని నేనే అన్నాను. తల్లి పిల్లని వదిలేసిపోయిందని కొందరన్నారు.

కోర్టు కాగితంలో సెలవుల గురించి రాసుకున్నాం, పండగల గురించి రాసుకున్నాం. బడి గురించి మాత్రం మా ఇద్దరికీ తోచలేదు. ఫీజు కట్టేది ఆయన, బడివాళ్ళ దగ్గరున్న నంబరూ ఆయనదే. మొదట్లో నాకది లోటనిపించలేదు. కలిసినప్పుడు పిల్లే అన్నీ చెప్పేది. అయితే పిల్లలు వాళ్ళకి ముఖ్యమైనవే చెప్తారు. కొత్త సైన్సు టీచరు ఎలా నడుస్తుందో, బడి బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఎవరెవరు పోట్లాడుకున్నారో తెలిసేది. పేరెంట్స్ మీటింగు సంగతి అయిపోయాక తెలిసేది. ఒక ఏడాది స్కూలు డేలో డాన్సు చేసిందట. ఏలూరులో తెలిసినావిడ తన ఫోన్లో ఫొటో చూపించి, "మీ అమ్మాయే కదండీ" అంటే అవునన్నాను. తర్వాత పిల్లని అడిగితే, నాన్న చెప్పే ఉంటారనుకున్నానంది.

ఎనిమిదిలోకి వచ్చాక లెక్కల్లో మార్కులు తగ్గాయి. ట్యూషన్ పెట్టించారు. అయినా పెరగలేదు.

ఆ ఏడు వరికోతల రోజుల్లో ఒక ఆదివారం, ఏలూరు దారిలో ఉన్న ఉంగుటూరులో మా పిన్ని ఇంటికి వెళ్దామని ఇద్దరం గూడెం బస్టాండులో నిలబడ్డాం. దూరంగా బస్సొకటి లోపలికి తిరిగింది.

"ఏలూరు బస్సేనేమో చూడవే," అన్నాను.

"దగ్గరికి రానీ అమ్మా," అంది.

దగ్గరికొచ్చింది. పిల్ల కళ్ళు చిట్లించి చూసి భీమవరం అనుకుంటానంది. అది ఏలూరు బస్సే. మేం ఎక్కలేదు. ఎదురుగా ఉన్న మందుల షాపు బోర్డు చదవమన్నాను, చదవలేకపోయింది. క్లాసులో బోర్డు మీద రాసింది కనిపిస్తోందా అని అడిగితే, వెనక బెంచీ కాబట్టి కనపడదనీ, పక్కమ్మాయి పుస్తకంలో చూసి ఎక్కించుకుంటాననీ చెప్పింది. అదేదో అందరికీ ఉండేదే అన్నట్టు చెప్పింది.

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"బళ్ళో కళ్ళు చూశారుగా. డాక్టరుకి చూపించమని ఇంటికి మెసేజ్ పెడతామన్నారు. పెట్టే ఉంటారు."

ఆ సాయంత్రం ఆయనకి ఫోన్ చేస్తే, తనకలాంటి మెసేజ్ ఏదీ రాలేదన్నాడు. అబద్ధం చెప్పే గొంతు కాదది. మర్నాడు ల్యాబుకి సెలవు పెట్టి బడికి వెళ్ళాను.

ఆఫీసులో ఉన్నావిడ కూర్చోమని కుర్చీ చూపించి, కంప్యూటర్లో వెతికింది. తల్లి అనే చోట నా పేరుంది గానీ నంబరు లేదంది. "ఏ సంగతైనా ఫాదర్‌గారికే చెప్తామండి," అని ప్రిన్సిపాల్ గదికి పంపింది.

ప్రిన్సిపాల్ పెద్దావిడ. నా మాట మొత్తం విన్నది. ఇలాంటి ఇళ్ళవాళ్ళు ఒకరోజు ఒకరు, ఇంకోరోజు ఇంకొకరు వచ్చి బళ్ళో గొడవ పడుతుంటారనీ, అందుకే ఒక్క నంబరే పెట్టుకుంటామనీ నెమ్మదిగా చెప్పింది. కోర్టు ఆర్డరు ఉందా అని అడిగింది. ఫోన్లో తీసుకున్న ఫొటోలు చూపించాను. కళ్ళజోడు పైకి తోసుకుని చివరిదాకా చదివింది.

"ఇందులో బడి గురించి ఏమీ లేదమ్మా."

"చెప్పొద్దని కూడా లేదండి," అన్నాను. "పిల్లని నా వెంట పంపమని అడగట్లేదు. దాని సంగతులు నాకూ తెలియాలంటున్నాను, అంతే."

ఆవిడ ఆయనకి ఫోన్ చేసి రమ్మంది. ఆయనది ఉల్లిపాయల వ్యాపారం. మార్కెట్లోంచి అలాగే వచ్చినట్టున్నాడు, చొక్కా మీద ఎర్రటి పొట్టు అంటుకుని ఉంది. నన్ను చూసి తలూపి అవతలి కుర్చీలో కూర్చున్నాడు. మెసేజ్ ఒకసారి వెతకమని ప్రిన్సిపాల్ అంది. ఆయన వెతకసాగాడు. బస్తాల ఫొటోలు, రేట్లు, లారీల నంబర్లు పైకి జరుగుతూనే ఉన్నాయి. వానలు మొదలైన రోజుల్లో పంపిన మెసేజ్ వాటన్నిటి అడుగున ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"వచ్చిందండి. నేనే చూళ్ళేదు," అన్నాడు.

నేనెందుకు వచ్చానో ప్రిన్సిపాల్ ఆయనకి చెప్పింది. ఒప్పుకోడనుకున్నాను. వాళ్ళమ్మనడగాలంటాడనీ అనుకున్నాను. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, "ఆవిడ నంబరు కూడా రాసుకోండి. ఆవిడైతే చూస్తుంది," అన్నాడు.

ఆయన నన్ను ఆవిడ అనడం వినడం అదే మొదటిసారి. అది మర్యాదో దూరమో నాకు తెలియలేదు. నంబరు చెప్పాను. ప్రిన్సిపాల్ తనే రాసుకుంది.

కళ్ళ డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. కళ్ళజోడు తయారయ్యాక, ఆ తర్వాతి ఆదివారం పిల్ల అది పెట్టుకునే ఎదురొచ్చింది. నా మొహం తేరిపార చూసి, "అమ్మా, నీకు తెల్లవెంట్రుకలొచ్చాయి," అంది. ఎప్పుడో వచ్చాయన్నాను.

లెక్కల్లో మార్కులు కొంత పెరిగాయి. ట్యూషన్ మాత్రం మానలేదు. ఇప్పుడు బడి మెసేజ్‌లు నాకూ వస్తాయి. రేపు చార్టు పేపరు తేవాలి, శనివారం యూనిఫారం వేరు, ఐడీ కార్డు మర్చిపోవద్దు. నీళ్ళ సీసాల మధ్య నిలబడి ప్రతిదీ చదువుతాను. మీటింగు ఉంటే, నువ్వెళ్తావా నన్ను వెళ్ళమంటావా అని ఆయన రెండు ముక్కలు పంపుతాడు. ఎవరికి వీలైతే వాళ్ళం వెళ్తాం. కలిసి వెళ్ళాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

ఈ ఏర్పాటు పిల్లకి అంతగా నచ్చలేదు. యూనిట్ టెస్టు మార్కులు వచ్చిన సాయంత్రం ఒకసారి తండ్రి అడుగుతాడు, ఇంకోసారి నేను ఫోన్ చేస్తాను. "ముందే బావుంది," అని మొహం మీదే అంది. ఆలోచిస్తే దాని మాటా నిజమే. తను చెప్పేదాకా మార్కుల ఊసెత్తనని మాటిచ్చాను. అప్పుడప్పుడూ తప్పుతుంటాను.

మొన్న వాయుగుండం పట్టి కలిదిండి చుట్టుపక్కల చెరువుల గట్లన్నీ నానిపోయాయి. రైతులెవరూ రాలేదు. ల్యాబులో ఖాళీగా కూర్చుని ఉండగా వానల వల్ల బడికి సెలవని మెసేజ్ వచ్చింది. అంటే పిల్ల ఇంట్లోనే ఉంది, తడవదు. టీ పెట్టుకుని తాగి, ముందురోజు మిగిలిన సీసాలు కడగడానికి లేచాను.