పెద్దసారును దింపిన చోటు

మా పెద్దసారు పోయారు. సౌదీలోని యాన్బులో మా వెల్డింగులన్నీ చాలా ఏళ్లు తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టర్ ఆయన. ఆయన చెల్లెలు నా ఫోన్‌కి సందేశం పంపింది: "మోయడానికి మనుషులు లేరు. కారులోనే తీసుకెళ్లి పూడ్చేశాం." చావు కబురు కంటే ఆ మాటకే నా గుండె కలుక్కుమంది.

ఎందుకంటే ఆయన భయమంతా అదే. స్కాట్లాండ్‌లో ఒక దీవి, ఆ దీవి నుంచి సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల, దాని కొసన ఆయన ఊరు. శుక్రవారం సెలవు రోజున మమ్మల్ని ఇక్కడి ఇసుక తిన్నె మీద నీళ్ల దాకా నడిపించేవారు. "అచ్చం మా ఊరే, వాన ఒక్కటే తక్కువ" అనేవారు. అక్కడ చెట్టు నిలవదట. ఎవరు పాతారో తెలియని నిలువురాళ్లు, కప్పుల్లేని రాతి ఇళ్లు. గొర్రెల మేత కోసం ఒకప్పుడు భూస్వాములు జనాన్ని వెళ్లగొట్టారట. ఆ ఇళ్లలో ఇప్పుడు గొర్రెలే పడుకుంటాయట.

అక్కడ శవాన్ని కొండ అవతలి శ్మశానం దాకా మోస్తారట. అలసి దింపిన ప్రతిచోటా రాళ్లు కుప్పగా పేరుస్తారు. "కుప్ప పెట్టకపోతే మనిషి దారిలోనే ఉండిపోతాడు" అనేవారు. ముక్కోపి మనిషి, వెల్డింగులో చిన్న బెజ్జం కనిపిస్తే సైటంతా దద్దరిల్లేలా అరిచేవారు. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేవారు.

మాకూ దింపుడు కల్లం ఉందని, పాడె దింపి చెవిలో మూడుసార్లు పిలుస్తామని మాతో పనిచేసే జగిత్యాల ఫిట్టర్ ఆయనకు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు.

"ఎవరైనా లేచారా?" అని అడిగారు. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

కబురు విన్నాక ఆ ఫిట్టరే అన్నాడు: "అన్నా, సారును ఎవ్వలు దింపలే. మనమన్న దింపుదాం."

నిరుడు సారు పని ముగించుకుని ఎగ్జిట్ వీసా మీద ఊరికి వెళ్తూ తన తెల్ల హెల్మెట్ మాకే ఇచ్చి వెళ్లారు. దాన్ని గోనెపట్టా మీద పెట్టి, నలుగురం నాలుగు మూలలు పట్టుకుని తిన్నె మీదికి మోశాం. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. సగం దూరంలో దింపి, రాళ్లు పేర్చి, పైన హెల్మెట్ పెట్టాం. ఫిట్టర్ వంగి "సారూ" అని మూడుసార్లు పిలిచాడు. మూడోసారికి గాలి ఆగిపోయింది. వెనక్కి చూడకుండా వచ్చేశాం.

మళ్లీ శుక్రవారం వెళ్లాం. మా కుప్ప చెక్కుచెదరలేదు. హెల్మెట్ మాత్రం లేదు.

"చేపలోళ్లు పట్టుకపోయిండ్రు కావచ్చు" అన్నాను.

ఫిట్టర్ ముందుకు చెయ్యి చాపి చూపించాడు. తిన్నె కొసన మేం పెట్టని ఇంకో కుప్ప ఉంది. సారును అక్కడి దాకా ఎవరు మోశారో ఒకరినొకరం అడగలేదు. మోశారు, అంతే చాలనిపించింది.

అంత ఎండలోనూ ఆ రాళ్లు వాన పడ్డట్టు తడిగా ఉన్నాయి. పైన తెల్ల హెల్మెట్, సముద్రం వైపు తిరిగి ఉంది.