చావడానికి కిందికి దిగిన హిలారియా

గాలి కూడా పల్చబడేంత ఎత్తున, మంచుకొండ మీదున్న మా బంగారు గని ఊరు లా రింకొనాదాలో హిలారియా తికోనాను ఎరగని మనిషి లేడు. ఇరవై రెండేళ్లుగా ఆమె గని బయట పారబోసిన రాళ్ల కుప్ప మీద కూర్చుని, సుత్తితో కొట్టి, బంగారం మెరుపున్న రాయిని ఏరుకుంటోంది. గనిలోకి ఆడవాళ్లు అడుగు పెట్టకూడదు. మా కొండ ఆడది, పైగా ముసలిది. ‘అవిచా’ అంటాం, అంటే అమ్మమ్మ. ఇంకో ఆడమనిషి లోపలికొస్తే ఒళ్లు మండి, ఉన్న బంగారమంతా దాచేస్తుందట. ఆ సంగతి అమ్మమ్మ చెప్పగా విన్నవాళ్లు ఎవరూ లేరు, మగవాళ్లు చెప్పగా విన్నవాళ్లే. అందుకని వాళ్లు పనికిరాదని పారేసిన దాంట్లో ఆడవాళ్లు పనికొచ్చేది వెతుక్కుంటారు. హిలారియా ఒక రాయిని నాలుకతో తడిపి, ఎండకు తిప్పి చూసి పక్కన పెట్టిందంటే దాంట్లో బంగారం ఉన్నట్టే.

అలాంటి హిలారియా ఒకరోజు ఉత్త రాయిని తీసి పక్కన పెట్టింది. పక్కనే రాళ్లు కొడుతున్న బెనితా ముందు నవ్వింది.

“అక్కా, అది ఉత్త రాయే. ఏం చూశావు దాంట్లో?”

“మెరుస్తోంది కదే.”

“ఎక్కడ మెరుస్తోంది, నీ కళ్లలోనా?”

హిలారియా మళ్లీ చూద్దామని తల వంచేసరికి ముక్కులోంచి రక్తం బొటబొటా రాలి రాయి మీద పడింది. బెనితా నవ్వు ఆగిపోయింది.

నిజానికి రెండేళ్లుగా హిలారియాకు తలనొప్పి వదలడం లేదు. రాత్రి కన్ను మూతపడితే ఊపిరాడక ఉలిక్కిపడి లేస్తోంది. పెదాలు ఊదారంగుకు తిరిగాయి. మొగుడు కసిమీరో పెదాలూ అదే రంగు, బెనితావీ అంతే. సగం ఊరు అలాగే ఉన్నప్పుడు అది జబ్బని ఎవరికి తోస్తుంది?

ఆరోగ్య కేంద్రంలో ఉన్న నర్సు అరెకీపా పట్నం నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. వేలికి సూది గుచ్చి, చుక్క రాకపోతే వేలు పిండి, కాగితం చూసి తల పట్టుకుంది.

“మాత్రలతో పోయేది కాదమ్మా ఇది. ఇక్కడ గాలి చాలక నీ ఒళ్లు రక్తాన్ని పెంచుకుంటూ పోయింది. చిక్కబడి కదలడం లేదు. కిందికి దిగిపో, అదే పల్చబడుతుంది.”

“కిందికా? నన్ను చంపుదామనా?”

నర్సుకు అర్థం కాలేదు. హిలారియా వేళ్లు మడిచి లెక్క చెప్పింది. ఒనొరాతో అనే ముసలాయన హులియాకా పట్నానికి దిగాడు, నాలుగో రోజు పోయాడు. రొట్టెలమ్మే ఫిలొమేనా ఊరు చేరకుండానే దారిలో పోయింది. పోయినేడు గనిలో మందు పేల్చే తెయోఫిలోను లారీలో వేసి పంపారు. మెడ దాకా నీలమైపోయాడని డ్రైవరు చెప్పాడు, ఆ తర్వాత కబురే లేదు. ఎనిమిదో రోజున జట్టంతా చేరి, ఆనవాయితీ ప్రకారం అతని బట్టలు ఉతికి, తగలబెట్టి, సారా తాగి ఏడ్చారు. పైన ఎలాగో బతికే మనిషిని కింది గాలి బరువుగా గుండె మీద కూర్చుని అదిమేస్తుందని మా ఊరి నమ్మకం. నమ్మకమేమిటి, కళ్లారా చూసిందే.

నర్సు ఒంటికాలి మీద లేచింది.

“ప్రాణం పోయే ముందు దిగితే పోక ఏమవుతారు? కాళ్లూ చేతులూ ఆడుతున్నప్పుడే దిగి చావండమ్మా ఒకసారి!”

దిగి చావమన్న మాట ఒక్కటే హిలారియా చెవికెక్కింది. మూతి ముడుచుకుని ఇంటికొచ్చేసింది.

మర్నాడు లేవలేకపోయింది. కసిమీరో గుడ్డ పరిచి, శకునం కోసం కోకా ఆకులు విసిరి చూశాడు. తెల్లటి అడుగువైపు పైకి తిరిగి పడ్డాయి, మంచిది కాదు. ఆ మాట చెప్పలేక నీళ్లు నమిలాడు.

“చెప్పొద్దులే, నాకూ కనిపిస్తోంది,” అంది హిలారియా. “ఇక్కడున్నా చస్తాను, దిగినా చస్తాను. ఇక్కడ చస్తే ఈ గడ్డకట్టిన నేలలో గోతికి కూడా మందు పేల్చాలి. సాందియాలో మా రొసెందా దగ్గర చస్తాను. అక్కడ నేలన్నా మెత్తగా ఉంటుంది.”

రొసెందా ఆమె చెల్లెలు. కింద లోయలో నారింజ తోట ఉంది. అక్కా చెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుని తొమ్మిదేళ్లు.

తెల్లారి హిలారియా సమాధికని దాచుకున్న నల్ల పావడా కట్టుకుని వ్యాను దగ్గరికొచ్చింది. కుప్ప మీది ఆడవాళ్లంతా చుట్టూ చేరి ఏడుపు లంకించుకున్నారు.

“పైనుంచి మమ్మల్ని ఓ కంట చూస్తుండక్కా,” అంది బెనితా ముక్కు చీదుతూ.

“కిందికి కదే పోతున్నాను, పైనుంచి ఎలా చూడను?”

ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వేశారు. కసిమీరో మాత్రం నవ్వలేదు.

వ్యాను కదిలింది. హిలారియా ముందు సీటు ఊచను రెండు చేతులా పట్టుకుని గుండె ఎప్పుడు పగులుతుందా అని కాచుకు కూర్చుంది. అనానేయా ఊరు దాటింది, గుండె పగల్లేదు. పక్కనాయన పొట్లం విప్పి వేపిన పంది మాంసం తింటుంటే చావబోయే మనిషి పక్కన ఇదేం మర్యాదని చిరాకు పడింది. దారి మెలికలు తిరుగుతూ కిందికి, ఇంకా కిందికి దిగింది. కుయోకుయో దగ్గర కొండవాలున మెట్లు మెట్లుగా పొలాలు కనిపించాయి. ఇప్పుడు పోతుంది, ఇదిగో ఇప్పుడు పోతుంది అని చూసి చూసి, విసుగెత్తి నిద్రపోయింది. రెండేళ్లలో ఉలిక్కిపడకుండా పట్టిన నిద్ర అదొక్కటే.

“అమ్మా, ఊరొచ్చింది,” అని డ్రైవరు భుజం తట్టాడు.

కళ్లు తెరిస్తే ఎటు చూసినా పచ్చదనం. “ఏ ఊరు నాయనా?” అని భయం భయంగా అడిగింది. సాందియా అని వాడు చెప్పాక కూడా వెంటనే నమ్మలేదు. కానీ ఆకలి దంచేస్తోంది. పరలోకంలో ఇంత ఆకలి ఉండదని ధైర్యం తెచ్చుకుని దిగింది.

రెండు వారాలు గడిచాయి. పొద్దున్నే లేచి బతికే ఉన్నానని చూసుకోవడం, తినడం, నారింజ చెట్టు కింద పడుకోవడం, ఇదే పని. తలనొప్పి ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది.

“చావడానికొచ్చి మూడో కంచం లాగిస్తున్నావేమే అక్కా?” అంది రొసెందా.

“మధ్యలో పోతే వండింది పాడవుతుందని.”

నాలుగో వారంలో అక్కా చెల్లెళ్లు సంతకెళ్లారు. ఒకచోట ఎవడో అరటిపళ్ల దగ్గర గొంతు చించుకుని బేరమాడుతున్నాడు. ఆ గొంతు హిలారియాకు తెలిసిందే. తిరిగి చూస్తే తెయోఫిలో! బుగ్గలు నిండి, పొట్ట పెంచుకుని ఉన్నాడు. ఆమె గబగబా శిలువ గీసుకుంది.

“నువ్వు పోయావు కదరా!”

“ఎవరన్నారు వదినా?”

“ఊరంతా! నీ బట్టలు ఉతికి తగలబెట్టాం కూడా.”

“తోలు జాకెట్టు కూడానా?”

“ముందు అదే.”

అతను అరటిపళ్ల గంప కింద పెట్టి, తన చావుకు రాని దుఃఖం జాకెట్టు కోసం పడ్డాడు.

“ఒక్క కబురు పెట్టలేకపోయావా?”

“ఏమని పెట్టను? బతికాను, ఇక రానని చెబితే మా జట్టు నన్ను ఆడంగివాడంటుంది. నేనొక్కణ్ణేనా? ఆ దర్జీ మన కొండవాడే. ఆ మూల సూప్ అమ్మే ఆవిడా మనూరే. అందరం మీ లెక్కలో పోయినవాళ్లమే.”

హిలారియాకు ముందు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. దిగి చచ్చినవాళ్ల కబురు పైకి చేరుతోంది. దిగి బతికినవాళ్లు నోరెత్తడం లేదు. ఫిలొమేనా మంచం దిగలేని దాకా ఎందుకు ఆగింది? తనలాంటివాళ్లు వేళ్లు మడిచి లెక్క చెబితేనే కదా! పొద్దున్నే వేడి రొట్టె చేతిలో పెట్టే మనిషి, కాస్త ముందు దిగి ఉంటే ఈ సంతలోనే రొట్టెలమ్ముతూ ఉండేది. సంత మధ్యలో కూర్చుని హిలారియా ఎవరు చూస్తున్నా లెక్కచేయకుండా ఏడ్చింది.

“రేపు పైకెళ్తాను,” అంది లేచి.

“మతిపోయిందా?” అంది రొసెందా. “ఫోన్లో చెప్పు.”

“కసిమీరోకు చెప్పానుగా. ఒంట్లో బాగుందంటే, పోయేముందు అలాగే ఉంటుందన్నాడు. వాళ్లు వింటే నమ్మరే, చూడాలి. ఒక్కపూట ఉండి వచ్చేస్తాను.”

మర్నాడు అనానేయా దాటేసరికే తల దిమ్మెక్కింది. మధ్యాహ్నానికి కుప్ప దగ్గర దిగింది. ఒకరి తర్వాత ఒకరు చూశారు, సుత్తులు ఆగిపోయాయి. ఎవరో శిలువ గీసుకున్నారు. ఇంకెవరో గని నోటి దగ్గరికి పరుగెత్తి కసిమీరోను కేకేశారు.

బెనితా రాళ్ల మీద తడబడుతూ వచ్చి ముఖంలో ముఖం పెట్టి చూసింది. బొటనవేలు తడి చేసుకుని హిలారియా పెదాలను గట్టిగా రుద్దింది.

“రంగు పూసుకున్నావా?”

“నాకెందుకే రంగు, ఈ వయసులో? ఇంకా రుద్దు, కావాలంటే.”

బెనితా మళ్లీ రుద్దింది. వేలు చూసుకుంది. ఏమీ అంటలేదు. హిలారియా తెయోఫిలో సంగతి, దర్జీ సంగతి, సూప్ అమ్మే ఆవిడ సంగతి, వ్యానులో పట్టిన నిద్ర సంగతి ఒక్కొక్కటే చెప్పింది. పళ్లూడిన ఒకామె మధ్యలో “నిద్ర పట్టిందా, నిజంగా?” అని రెండుసార్లు అడిగింది. కుప్ప మీద అంతసేపు సుత్తి చప్పుడు లేకపోవడం నేనెప్పుడూ ఎరగను.

బెనితా చేతులకున్న గుడ్డలు విప్పుకుంది.

“అక్కా, ఆ బండి ఎన్నింటికి?”

“రెండింటికి. మనిద్దరికీ చోటుంచమన్నాను.”

“ముగ్గురికి ఉండదా?” అని వెనక నుంచి కసిమీరో అడిగాడు.