ఒక్క ఉదయం, మూడు పంక్చర్లు

చేతిదాకా వచ్చిన లెక్చరర్ ఉద్యోగాన్ని సుద్దముక్కతో బోర్డు మీద రాసి మరీ పోగొట్టుకున్న మహానుభావుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. నవ్వండి, పర్లేదు, మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాని రోజులు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి మార్టూరులో రెండేళ్ళుగా ఖాళీగా ఉన్నాను. మరీ ఖాళీగా కాదులెండి. పాయిజాన్ విభాజనం అని ఒకటుంది. ఎప్పుడో అరుదుగా, చెప్పాపెట్టకుండా జరిగే సంగతులు ఇన్ని రోజుల్లో ఎన్నిసార్లు జరగొచ్చో చెప్పే లెక్క అది. దానికోసం నా మోటారుసైకిలుకి పడ్డ ప్రతి పంక్చరునీ నోటుబుక్కులో రాసేవాణ్ణి. మూడు నెలలకి ఒకటి చొప్పున తేలింది. గుంటూరులో ఒక కాలేజీవాళ్ళు డెమో క్లాసుకి పిలిస్తే, ఇదే పాఠం చెప్పి ఉద్యోగం కొట్టాలని, కొట్టకుండా ఇంటికి రాకూడదని గట్టిగా నిశ్చయించుకున్నాను.

మార్టూరు దాటీ దాటగానే వెనక టైరులో గాలి పోయింది. పంక్చర్ షాపు పెద్దాయన ట్యూబుకి ప్యాచ్ వేసి, "టైరు లోపల కూడా తడిమి చూస్తానండి, పది నిమిషాలు," అన్నాడు.

"అక్కర్లేదండి. ఒకే రోజు రెండు పంక్చర్లు పడటం నలభై నాలుగేళ్ళకొకసారి జరిగే పని."

"ఎవరు చెప్పారండీ?"

"లెక్క చెప్పింది. త్వరగా బిగించండి."

ఆయన నా ఇస్త్రీ చొక్కా వైపు ఒకసారి చూసి, చదువుకున్నవాడితో మనకెందుకని బిగించేశాడు.

చిలకలూరిపేటలో రెండోది. అక్కడి కుర్ర మెకానిక్, "లోపలేమన్నా ఉండిపోయిందేమో చూడనా అన్నా?" అన్నాడు.

"టైము లేదు తమ్ముడూ. మూడోది పడాలంటే పన్నెండు వేల ఏళ్ళు పడుతుంది."

"అయితే ఇంకేం, హాయిగా వెళ్ళన్నా."

మూడోది గుంటూరు బయట. మిరపకాయల లారీల ఘాటుకి తుమ్ముతూ అరమైలు బండి తోశాను. అక్కడ షాపు నడిపే ఆవిడ నన్నేమీ అడగలేదు. టైరులో చెయ్యి తిప్పి, పట్టకారుతో ఒక తుమ్మముల్లు లాగింది.

"పొద్దున్నుంచీ దీన్నే ఊళ్ళు తిప్పుతున్నారా అండీ?"

ముల్లు పోయింది కానీ నాకు బుద్ధి రాలేదు. మసి చేతులతో, అరగంట ఆలస్యంగా క్లాసులో అడుగుపెట్టాను. ప్రిన్సిపాల్ పక్కన స్టాటిస్టిక్స్ హెడ్డు, తెల్లజుట్టావిడ, కూర్చుని ఉన్నారు.

"ఆలస్యమైందేం?" అన్నారావిడ.

ఇదే అదననుకున్నాను. బోర్డంతా లెక్కతో నింపి, చివర రెండు గీతలు కొట్టాను. "ఒకే రోజు మూడు పంక్చర్లు, పన్నెండు వేల ఏళ్ళకొకసారి. అది ఇవాళ నాకు జరిగింది మేడం."

పిల్లలు నోళ్ళు తెరిచారు. ఆవిడ తెరవలేదు.

"ఈ లెక్క వాడాలంటే మొదటి షరతేంటి?"

"ఒక సంఘటనకీ ఇంకో సంఘటనకీ సంబంధం ఉండకూడదండి."

"బాగుంది. మూడుసార్లూ గుచ్చుకుందేంటి?"

"తుమ్మముల్లండి."

"ఎన్ని?"

అప్పుడు తెలిసింది నాకు.

"ఒకటేనండి."

క్లాసంతా గొల్లుమంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పోస్టు, డెమోకి బస్సులో వచ్చిన ఇంకొకాయనకి ఇచ్చారు.

ఆ కాలేజీ గేటు దగ్గరే, సుద్ద అంటిన కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఇక, ముళ్ళు లెక్కపెట్టకుండా సంభావ్యత లెక్కపెట్టను.